టైటిల్ పేజీ వెనక పుట
(సికింద్రాబాద్‌లో చేసిన వట్టికోట ఆళ్వారుస్వామి స్మారకోపన్యాసం)



ఆళ్వారుస్వామి గారు 1938లో ఈ ఊళ్లోనే దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, ఊరూరా తిరిగి పుస్తకాలు అమ్మారు. ఆయన పేరిట మాట్లాడమనగానే మనమెవరం చదవకుండా తిప్పేసే పుట ఒకటి గుర్తొచ్చింది. టైటిల్ పేజీ వెనక అచ్చాఫీసు పేరు, ముద్రణ సంవత్సరం, వెల, ఓ మూల ‘సర్వస్వామ్య సంకలితము’. ఆ మూలనున్న మాట ఎక్కడి నుంచి వచ్చింది?

తాళపత్రాల సంగతి, తొలి తెలుగు అచ్చుల సంగతి మీకు తెలిసినవే, వదిలేస్తున్నాను. నేను ఏళ్ల తరబడి పట్టుకు కూర్చున్నది 1867 నాటి 25వ చట్టం. ఎవరు ఏం అచ్చు వేస్తున్నారో సర్కారుకు తెలియాలి. అందుకని ప్రతి పుస్తకం మీదా ముద్రాపకుడి పేరు, అచ్చయిన చోటు, ప్రచురణకర్త పేరు ఉండి తీరాలన్నారు. ప్రతులు సర్కారుకు ఉచితంగా అప్పగించాలి. వాటిని ఒక జాబితాకెక్కించి మూడు నెలలకోసారి గెజిట్‌లో వేసేవారు. పుస్తకం పేరు, భాష, పుటలు, ఎన్ని ప్రతులు, వెల, ఆఖరున కాపీరైటు యజమాని పేరు, నివాసం. అసలు కిటుకు ఇక్కడుంది. రెండు రూపాయలు కడితే ఆ నమోదే 1847 కాపీరైటు చట్టపు రిజిస్టరులో ఎక్కినట్టు లెక్క. ఆ రిజిస్టరులో ఎక్కందే దొంగ ముద్రణ మీద దావా వేయడానికి లేదు. పాత మద్రాసు అచ్చుల్లో కనిపించే ‘రిజిస్టర్డ్ కాపీరైట్’ వెనక ఉన్నది ఈ ఏర్పాటే. నిఘా కోసం పెట్టిన జాబితా రచయితకు దస్తావేజయింది!

కొందరు పరిశోధక మిత్రులతో నా పేచీ కూడా ఇక్కడే. హక్కుల మాట అచ్చు వేయని పుస్తకం ఎవరిదీ కాదు, ఎవరైనా వేసుకోవచ్చు అని వారి వాదం. ఇది తప్పు, గట్టిగానే చెబుతున్నాను. 1914 కాపీరైటు చట్టం వచ్చాక నమోదు గానీ ప్రకటన గానీ హక్కుకు షరతు కాదు. 1957 చట్టంలోనూ అంతే. నమోదు చేయిస్తే కోర్టులో సాక్ష్యానికి పనికొస్తుంది, హక్కు మాత్రం రాసిననాడే పుట్టింది. ఇదే పొరపాటు తిరగేసి చేసేవారూ ఉన్నారు. పోతన భాగవతం అచ్చు వేసి ‘సర్వహక్కులు మావి’ అనుకున్నంత మాత్రాన ఆ పద్యాలు ఎవరి సొత్తూ కావు. కొత్తగా రాసిన పీఠిక, టీకాతాత్పర్యాలకే ఆ మాట వర్తిస్తుంది. చూడవలసింది రచయిత పోయిన సంవత్సరం. 1957లో గడువు మరణానంతరం యాభై ఏళ్లు. ఠాగూర్ రచనల గడువు 1991 ఆఖరుకు తీరిపోనుండగా దాన్ని అరవై చేశారు. ఆళ్వారుస్వామి గారు 1961లో పోయారు. మరుసటి జనవరి నుంచి అరవై ఏళ్లు లెక్కపెట్టండి, 2021తో సరి. కాబట్టి ఆయన నవల ‘ప్రజల మనిషి’ మూలాన్ని ఈవేళ ఎవరైనా అచ్చు వేయవచ్చు, ఏ ముద్రణ వెనక ఏం రాసి ఉన్నా సరే.

టైమయిందని చీటీ అందింది. తక్కినవి గబగబా చెప్పేస్తాను. సున్నాలో సి గుర్తు, పేరు, సంవత్సరం అనే పద్ధతిని 1952 జెనీవా ఒప్పందం దేశదేశాలకూ అలవాటు చేసింది. అమెరికాలో 1989 మార్చి 1 వరకూ అది తప్పనిసరి. మనవాళ్లూ అందుకున్నారు, వెబ్‌సైట్లకూ పాకింది. వెబ్‌సైటు అడుగున ఉండే సంవత్సరాన్ని మాత్రం నమ్మకండి. చాలాచోట్ల జనవరి రాగానే ప్రోగ్రామే మార్చేస్తుంది, వ్యాసం ఎప్పటిదో అది చెప్పదు. అయితే 1957 చట్టానికి వచ్చిన 2012 సవరణలోని 65బి సెక్షన్ ప్రకారం రచయిత పేరు, హక్కుదారు వివరాలు కావాలని చెరిపేస్తే రెండేళ్ల దాకా జైలు. ఇక 1867 చట్టం 2024 మార్చి 1న రద్దయింది. దాని స్థానంలో వచ్చినది పత్రికలకే గానీ పుస్తకాలకు కాదు.

ఇక్కడున్న ప్రచురణకర్తలకు ఒక విన్నపం. చట్టం అడగకపోయినా తొలి ముద్రణ సంవత్సరం, అనువాదకుల పేర్లు, బొమ్మలు వేసినవారి పేర్లు వేయడం మానకండి. రేపు గడువు లెక్కగట్టేవారికి మరో ఆధారం దొరకదు.