రాయకుండా గడిపిన ఎనిమిదేళ్లు

సృజనను నమ్ముకున్నవారికి జీవిత లక్ష్యం రెండు ప్రశ్నలుగా ఎదురవుతుంది: ఏం చేయాలి, ఎవరి కోసం చేయాలి. మొదటిదానికి జవాబు చాలామందికి చదువుకునే రోజుల్లోనే దొరుకుతుంది. రెండోది ఏళ్ల తరబడి వేధిస్తుంది. దానికి తలవంచి, రాసే చేతిని ఆపుకున్న రచయిత కాళీపట్నం రామారావు. పట్టా అందుకుని బయటి ప్రపంచంలోకి అడుగుపెడుతున్న యువత తప్పక తెలుసుకోవలసిన జీవితం ఆయనది.

శ్రీకాకుళం జిల్లా మురపాకలో 1924లో పుట్టిన ఆయన భీమిలిలో ఉపాధ్యాయ శిక్షణ పొందారు. విశాఖపట్నంలో ఒకే ఎయిడెడ్ హైస్కూల్లో 31 ఏళ్లు, 1979 దాకా, పాఠాలు చెప్పారు. అందుకే తెలుగు పాఠకులకు ఆయన కారా మాస్టారు. ఇల్లు గడవడానికి కథల మీద ఆధారపడలేదు గనుక ఎప్పుడు రాయాలో, ఎప్పుడు మానాలో ఆయనే నిర్ణయించుకోగలిగారు. ఉద్యోగం కళకు అడ్డమని తొందరపడి తేల్చేసే ముందు ఈ సంగతి ఆలోచించదగ్గది.

తొలినాళ్లలో కొన్ని కథలు అచ్చయ్యాక, తన రాతల వల్ల సమాజానికి ఏమైనా మేలు జరుగుతుందా అన్న సందేహం ఆయన్ను పట్టుకుంది. జవాబు దొరకక దాదాపు ఎనిమిదేళ్లు రాయడం మానేశారు. పేరు నిలబడాలంటే పత్రికల్లో తరచూ కనబడాలనుకునే కాలంలో ఇది చిన్న సాహసం కాదు. అయితే ఆ విరామం వృథా పోలేదు. మళ్లీ కలం పట్టినప్పుడు వచ్చింది ‘యజ్ఞం’. ఒక పల్లెలో ఒక అప్పు, దాని మీద పంచాయితీ: కథావస్తువు ఇంతే. ఆ అప్పు వెనక న్యాయం, ధర్మం, ఆస్తి, వెట్టి ఎలా అల్లుకుని ఉన్నాయో పాఠకుడు ఉలిక్కిపడేలా చూపించిన కథ అది. ఆ కథ మీద దశాబ్దాల పాటు చర్చలు సాగాయి. ‘ఆర్తి’, ‘చావు’, ‘కుట్ర’, ‘జీవధార’ వంటివి కూడా ఆ దశలోనివే. ‘యజ్ఞంతో తొమ్మిది’ సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

అంత పేరు వచ్చినా ఆయన కథల సంఖ్య పెద్దగా పెరగలేదు. లక్ష్యమే మరో వైపు మళ్లింది. తెలుగు కథ ప్రధానంగా వార, మాస పత్రికల్లో పుట్టి పెరిగింది. పత్రికలు చదివాక చిత్తుకాగితాల కింద పోతాయి. మిగిలినవి చెదలకు, తేమకు నశిస్తాయి. భండారు అచ్చమాంబ, గురజాడల కాలం నుంచి అచ్చయిన ప్రతి కథా కనీసం ఒక్క ప్రతి రూపంలోనైనా ఒకచోట దొరకాలన్నది ఆయన సంకల్పం. ఆ సంకల్పంతోనే 1997లో శ్రీకాకుళంలో తెలుగు కథల గ్రంథాలయంగా కథానిలయం వెలిసింది. తన సొమ్ము పెట్టారు, మిత్రులు చేయి కలిపారు, పాత సంచికలు దాచుకున్నవారు తెచ్చి ఇచ్చారు. సొంత కథల మీద పెట్టగలిగిన వృద్ధాప్యాన్ని ఇతరుల కథల కోసం వెచ్చించడం గొప్ప రచయితల్లో కూడా అరుదు. పేరెన్నికగన్న రచయిత కథకూ, ఒకే ఒక్క కథ రాసి మరుగున పడినవారి కథకూ అక్కడ సమానంగా చోటుంది.

కారా మాస్టారు 2021 జూన్‌లో, 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు. కథానిలయం సేకరించిన కథల్లో చాలా భాగం డిజిటల్ రూపంలోకి మారి, ఎక్కడి తెలుగు పాఠకుడైనా ఉచితంగా చదువుకునే వీలు కల్పిస్తోంది.