పుండు మానితే రోగం పోయినట్టు కాదు
(ఉప్పల్, నాచారం బస్తీవాసుల ముందు ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఇంట్ల గుసగుసగా కూడా మాట్లాడని సంగతిని ఇయ్యాల మైకుల మాట్లాడుత. సవాయి. డాక్టర్లు సిఫిలిస్ అంటరు. సుఖరోగం అని కూడా పేరు పెట్టిన్రు. ఇందులో సుఖం ఎక్కడున్నదో పేరు పెట్టినోళ్ళకే తెలియాలె.

ఇది శాపం కాదు, కర్మ కాదు. ఒక సూక్ష్మక్రిమి. ఎక్కువగా రోగం ఉన్న మనిషితో కలిసినప్పుడు సోకుతది. పక్కన కూసుంటే, ఒకే కంచంల తింటే అంటదు. 'అంటు' అన్న మాట ఎంత కోస్తదో మనకు ఒకరు చెప్పాల్నా? దాన్ని మన రోగుల మీద మనమే రుద్దొద్దు.

సుమారు మూడు వారాలకు మర్మాంగం దగ్గర పుండు లేస్తది. నొప్పి ఉండదు. ఆడవాళ్ళకు లోపల లేస్తే కనబడనే కనబడదు. మందు వేసినా వెయ్యకున్నా 3 నుంచి 6 వారాల్లో దానంతటదే మానుతది. మోసం ఇక్కడే ఉంది. 'గుప్తరోగాలకు గ్యారంటీ' అని గోడల మీద రాసుకున్నోడు ఏదో పొడి ఇచ్చి, 'నా మందుకే మానింది' అని పైసలు గుంజుతడు. పుండు మానింది గని క్రిమి ఒంట్లనే ఉంది. తర్వాత అరచేతుల్లో, అరికాళ్ళలో దద్దులు లేవొచ్చు. అవీ పోతయి. ఇంక ఏండ్ల తరబడి చప్పుడు ఉండదు. చివరకు కొందరికి గుండె, మెదడు, కండ్లు దెబ్బతింటయి. గర్భిణికి ఉంటే బిడ్డకూ సోకుతది. గర్భం పోవచ్చు, బిడ్డ చచ్చి పుట్టొచ్చు.

నయం చేసే మందు ఉంది. 1943 నుంచి పెన్సిలిన్ వాడుతున్నరు. ముందు రక్తపరీక్ష: విడిఆర్‌ఎల్, లేదా ఆర్‌పిఆర్. తొలిదశలో 24 లక్షల యూనిట్ల బెంజథిన్ పెన్సిలిన్, ఒక్కసారి. పాతదైతే వారానికోసారి మూడుసార్లు. పెన్సిలిన్ పడనోళ్ళు డాక్టరుకు ముందే చెప్పాలె. భార్యాభర్తలిద్దరూ పరీక్ష చేయించుకోవాలె. ఒక్కరికే వైద్యం చేస్తే మళ్ళీ సోకుతది. కొన్ని నెలలకు రక్తం మళ్ళీ చూపించుకోవాలె. ఈ పుండు ఉంటే హెచ్‌ఐవి కూడా తేలిగ్గా సోకుతది, ఆ పరీక్షా చేయించుకోండి. నిరోధ్ వాడండి. పెద్ద సర్కారు దవాఖానల్లో 'సురక్ష క్లినిక్' అని ఉంటది. కార్డున్న కార్మికులకు నాచారంలోనే ఈఎస్‌ఐ ఆస్పత్రి ఉంది.

అమెరికాలో టస్కెగీ అనే చోట 1932 నుంచి 1972 దాకా ఏం జరిగిందో వినండి. సవాయి ఉన్న 399 మంది నల్లజాతి పేదలకు అక్కడి సర్కారు వైద్యం చెయ్యలే. రోగం మనిషిని ఏం చేస్తదో చూస్తూ కూసున్నది. పెన్సిలిన్ వచ్చినంక కూడా ఇయ్యలే. 1997లో అధ్యక్షుడు క్లింటన్ క్షమాపణ చెప్పిండు.

అక్కడ సర్కారు మందు దాచింది. ఇక్కడ మనం రోగాన్ని దాస్తున్నం. ఎందుకు? నింద ఎప్పుడూ కింద ఉన్నోళ్ళ మీదనే పడుతది కాబట్టి. 1988లో చట్టం నిషేధించిన జోగినీ ఆచారాన్నే చూడండి. రోగం తెచ్చినోడు పెద్దమనిషి, చెడ్డపేరు మన ఆడబిడ్డకు.

సంఘం కార్యకర్తలకు ఒక్క మాట. ఎవరన్న వచ్చి చెప్పుకుంటే నవ్వొద్దు. పేరు బయట పెట్టొద్దు. దవాఖాన దాకా తోడు పోండి. గర్భం అని తెలిసిన వెంటనే ఈ రక్తపరీక్ష అడగమని ప్రతి ఇంట్ల చెప్పండి. ఒక్క సూదితో పోయే రోగానికి ఒక్క బిడ్డను కూడా బలి ఇయ్యొద్దు.