సార్, పరీక్షలో ఏది రాయమంటారు?

(స్వర్ణోత్సవ సభలో మన పూర్వ విద్యార్థి, విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

 

బడి జ్ఞాపకాలు నాకన్నా రసవత్తరంగా చెప్పేవాళ్లు ఇవాళ చాలామంది ఉన్నారు. నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయినవాణ్ణి. అందుకని ఇలాంటి బళ్లు దాటి పిల్లలు కాలేజీకి వచ్చాక, చదువంటే ఏమిటన్న వాళ్ల నమ్మకం ఎలా మారుతుందో చెబుతాను.

శాతవాహనుల పాలన ఎప్పుడు మొదలైంది? మత్స్యపురాణం దాదాపు 30 మంది రాజుల పేర్లు, 450 ఏళ్లకు పైబడిన పాలన చెబుతుంది. వంశం అంతరించిన కాలం నుంచి వెనక్కి లెక్కిస్తే క్రీ.పూ. 3వ శతాబ్దానికి చేరతాం. కాణ్వులను కూలదోసి సిముకుడు రాజయ్యాడని కూడా పురాణాలే అంటాయి. కాణ్వులేమో క్రీ.పూ. 1వ శతాబ్దం వాళ్లు. చరిత్రకారుల్లో రెండు పక్షాలూ ఉన్నాయి. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో ఛిముకుని పేరున్న నాణేలు దొరికాయి, సరే. నాణెం మీద పేరుంది, సంవత్సరం లేదు.

ఇంతవరకూ చెప్పి నేను ఆగేవాణ్ణి. ఏటా ఎవరో ఒకరు లేచి అడిగేవారు: “సార్, పరీక్షలో ఏది రాయమంటారు?”

నవ్వకండి. ఆ ప్రశ్న మీద పెద్ద పరిశోధనే జరిగింది. అమెరికాలోని హార్వర్డ్‌లో విలియం పెర్రీ అనే ఆయన విద్యార్థులకు చదువు విషయంలో సలహాలిచ్చే విభాగం నడిపేవారు. 1950లలో, 60లలో ఆయన, ఆయన సహచరులు ఏటా విద్యాసంవత్సరం చివర విద్యార్థులను పిలిచి, ఈ ఏడాది మీ మనసులో నిలిచిందేమిటని అడిగి, చెప్పింది వినేవారు. అదే విద్యార్థిని నాలుగేళ్లూ అలా విన్నారు. 1970లో వచ్చిన పుస్తకంలో ఆ మార్పును తొమ్మిది మెట్లుగా చూపారు. తొమ్మిదీ చెప్పి మిమ్మల్ని విసిగించను.

మొదట్లో విద్యార్థికి ప్రతి ప్రశ్నకూ ఒకటే సరైన జవాబు. అది మాస్టారి దగ్గర ఉంటుంది. ఆయన మూడు సిద్ధాంతాలు చెబితే, అసలు జవాబు దాచి మన చేత వెతికిస్తున్నాడనుకుంటాడు. తర్వాత, పెద్దలకు ఇంకా తెలియలేదు, రేపు తెలుస్తుందిలే అనుకుంటాడు. ఆ తర్వాత, వాళ్లకే తెలియనప్పుడు ఎవరి అభిప్రాయం వారిది, నాది తప్పనడానికి మీరెవరు అంటాడు. నాకు ఎక్కువ భయం వేసేది ఈ మెట్టు దగ్గరే. చూడ్డానికి స్వేచ్ఛలాగే ఉంటుంది. అక్కడే కాపురం పెట్టినవాడికి మాత్రం సాక్ష్యానికీ పుకారుకీ తేడా తెలియదు. దాన్ని దాటినవాడు, అభిప్రాయాలు ఎన్ని ఉన్నా అన్నిటికీ ఒకే బరువు ఉండదని, ఆధారాలను బట్టి తూచాలని గ్రహిస్తాడు. చివరికి, పూర్తి నిశ్చయం దొరకదని తెలిసి కూడా ఒక వృత్తినో, ఒక విలువనో ఎంచుకుని దాని పక్కన నిలబడతాడు. అందరూ ఇక్కడిదాకా రారు. మధ్యలో ఆగేవాళ్లు, బెదిరి వెనక్కి వెళ్లేవాళ్లు ఉంటారని పెర్రీయే రాశారు.

ఆయన విన్నది ఎక్కువగా మగపిల్లలను, అదీ హార్వర్డ్ వాళ్లను. 1986లో నలుగురు మహిళా పరిశోధకులు 135 మంది స్త్రీలతో మాట్లాడి మరో పుస్తకం తెచ్చారు. తమకంటూ ఏదైనా తెలుసునని అనుకోవడానికే జంకే స్త్రీలు అందులో కనిపిస్తారు. అదే ఏడాది ఒహాయోలోని మయామీ విశ్వవిద్యాలయంలో మార్సియా బాక్స్‌టర్ మగోల్డా 101 మంది విద్యార్థులను వినడం మొదలుపెట్టి, డిగ్రీ అయ్యాక కూడా వాళ్లలో చాలామందిని ఏళ్ల తరబడి కలుస్తూ వచ్చారు. తూచి నిర్ణయించే దశకు డిగ్రీ పూర్తయ్యేలోపు చేరినవాళ్లు బహు కొద్దిమంది. మిగతావాళ్లకు అది ఉద్యోగాల్లో, సంసారాల్లో పడ్డాకే వచ్చింది. ఈ హాల్లో ఉన్న మనలో చాలామందికీ అంతేననుకుంటాను.

ఈ మార్పులో ఒక దుఃఖం ఉంది. మా కాలేజీలో ఒక అమ్మాయి, వాళ్ల ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి, రెండో ఏడాదిలో ఒకరోజు క్లాసయ్యాక నా దగ్గరికి వచ్చింది. కళ్లలో నీళ్లు, గొంతులో కోపం. “సార్, మా నాన్న అప్పు చేసి చదివిస్తున్నాడు. పండక్కి ఇంటికెళ్తే ఏం నేర్చుకున్నావమ్మా అంటాడు. ఎవరికీ సరిగ్గా తెలియదని నేర్చుకున్నానని చెప్పనా?” అంది.

నేను ఓదార్చలేదు. కోటిలింగాల నాణేల బొమ్మ ఆమె ముందు పెట్టి, ఇది ఏం చెబుతోంది, ఏం చెప్పడం లేదు, రెండూ రాసుకు రామ్మా అన్నాను. మూడుసార్లు కొట్టేసి రాసింది. చివరికి ఆమె ఎంచుకున్నది నా పక్షం కాదు. నేను వాదించాను. తను తగ్గలేదు. పండక్కి వెళ్లి వాళ్ల నాన్నకు ఆ నాణెం కథే చెప్పిందట. రెండు వైపులా విని తీర్పు చెప్పడం ఊళ్లో పెద్దమనుషులు చేసే పనే కదా, ఆయనకు అర్థమైంది.

మన పిల్లలు ఈఏపీసెట్ బిట్ల మధ్య పెరుగుతున్నారు. అయితే ఆ పరీక్షకు కూడా ముందు ప్రాథమిక కీ ఇస్తారు, అభ్యంతరాలు తీసుకుంటారు, తర్వాతే తుది కీ. కీ కూడా మారుతుందని పిల్లలకు తెలుసు. ఆ మార్పు వల్ల తమకు మార్కు కలిసిందా లేదా అన్నదే చూస్తారు, ఎందుకు మారిందో చూడరు.

అలాగని బడిలోనే అన్నీ సందేహాలు చేయమనను. ఎక్కాల్లో అభిప్రాయాలు ఉండవు. కానీ మేం ఇక్కడ తొమ్మిది గ్రహాలు చదివాం, ఇప్పటి పిల్లలు ఎనిమిది చదువుతున్నారు. 2006లో ఖగోళ శాస్త్రవేత్తలు గ్రహమనే మాటకు కొత్త నిర్వచనం ఇచ్చి ప్లూటోను పక్కకు తప్పించారు. అంతకుముందు ప్లూటో లాంటివి ఇంకొన్ని దొరకడంతో, వాటినీ గ్రహాలనాలా వద్దా అన్న చిక్కు వచ్చింది. ఎన్ని గ్రహాలని అడిగాక, ఎందుకు తగ్గాయని కూడా ఒక్క పీరియడు అడగండి మాస్టారూ. తొమ్మిదో తరగతికి అది బరువేమీ కాదు.

స్వర్ణోత్సవ నిధితో గ్రంథాలయం బాగు చేస్తామని కార్యదర్శి గారు ఇందాక అన్నారు. ఒకే గైడు పది కాపీలు కొనకండి. ఒకే విషయం మీద వేరువేరుగా చెప్పే రెండేసి పుస్తకాలు కొని పక్కపక్కన పెట్టండి. శాతవాహనుల మీద నా దగ్గరున్నవి ఆటోలో తెచ్చాను. హెడ్మాస్టరు గారి గదిలో పెట్టి వెళ్తాను. మార్జిన్లలో నా పెన్సిలు గీతలు ఉంటాయి. నాతో పేచీ ఉన్న పిల్లలు పక్కన రాసుకోవచ్చు, చోటుంది.

సెలవు.