నీరు సాక్షి కాదు, కక్షిదారు



తెలుగులో విజ్ఞానం రాసేవాళ్ళంతా కలిసిన సదస్సు ఇది. రసాయనశాస్త్రం పాఠాలు చెప్పుకునే నన్ను దీనికి అధ్యక్షుణ్ణి చేశారు. బెరుకుగానే ఉంది. అందుకే నాకు బాగా తెలిసిన వస్తువునే పట్టుకుంటాను: నీరు.

జీవరసాయనం మీద మనం రాసే వ్యాసాలు చూడండి. పిండిపదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వులు, కేంద్రకామ్లాలు అని నాలుగు శీర్షికలు పెడతాం. నీటికి మాత్రం మొదట్లో ఒక్క వాక్యం: మన ఒంట్లో సుమారు 60 శాతం నీరే. అంతటితో దాన్ని పక్కన కూర్చోబెడతాం. కణంలో జరిగే బేరసారాలకు అది ఉత్త సాక్షి అన్నట్టు రాస్తాం. నా మనవి ఒక్కటే: నీరు సాక్షి కాదు, కక్షిదారు.

ఆవకాయ పెట్టే రోజు గుర్తు చేసుకోండి. కాయలు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ముక్కలు కొట్టి, జీడి తీసి, మళ్ళీ తుడుస్తారు. "తడి చెయ్యి పెట్టకురా" అని పిల్లల్ని కేకలేస్తారు. మూడో రోజున జాడీ మూత తీస్తే ఊట దిగి ఉంటుంది. అది మనం పోసిన నీరు కాదు. ఉప్పు ముక్కలోంచి లాగిన నీరు. మరి అంత ఊట ఉన్నా బూజు ఎందుకు పట్టదు? ఉప్పులోని ఒక్కో అయాన్ చుట్టూ నీటి అణువులు మూగి ఉంటాయి. సూక్ష్మజీవి వాడుకోడానికి మిగిలేది తక్కువ. పైగా దాని ఒంట్లో నీటినే ఉప్పు బయటికి లాగుతుంది. తడి చెయ్యి తగిలినచోట ఉప్పు పలచబడుతుంది, బూజుకి దారి దొరుకుతుంది.

నీటికి ఈ మూగే గుణం దాని వంపు వల్ల వచ్చింది. అణువులో ఆక్సిజన్‌కి రెండు పక్కలా ఉన్న హైడ్రోజన్ల మధ్య కోణం సుమారు 104.5 డిగ్రీలు. ఆక్సిజన్ వైపు కాస్త రుణావేశం, హైడ్రోజన్ల వైపు కాస్త ధనావేశం. పక్క అణువుతో కట్టుకునే హైడ్రోజన్ బంధానికి, అణువు లోపలి బంధంతో పోలిస్తే సుమారు 20వ వంతు బలమే. సెకనులో లక్ష కోట్లవ వంతు గడిచేసరికి తెగుతుంది, మరోచోట ముడిపడుతుంది. నూనెకీ నీటికీ పడదంటాం గానీ నూనెకి నీటి మీద పగేమీ లేదు. నీటి అణువులు తమలో తాము పట్టుకున్న చేతులు నూనె కోసం వదలవు, అంతే. అలా పక్కకు నెట్టేసిన కొవ్వు అణువుల తోకలు ఒకదాన్నొకటి ఆనుకుని రెండు వరసల పొర అవుతాయి. అదే కణానికి హద్దు. ఆ హద్దు గీయించింది నీరే.

ఇక ఇచ్చిపుచ్చుకోవడం. గ్లూకోజ్‌లు గొలుసు కట్టినప్పుడు లెక్క చూస్తే, ఒక్కో ముడికి ఒక నీటి అణువు బయటికి పోతుంది. వరిగింజలోని పిండికీ, వరిగడ్డిలోని సెల్యులోజ్‌కీ ఇదే లెక్క. ముడి తిరిగిన వైపే వేరు. అన్నం ముద్ద కాసేపు నమిలితే తియ్యగా తగులుతుంది. లాలాజలంలోని ఎంజైమ్, ముడి దగ్గర నీటి అణువును దూర్చి గొలుసు తెంపుతోందన్నమాట. గడ్డి ముడి విప్పే ఎంజైమ్ మనకు లేదు. ఆవుకీ లేదు, దాని పొట్టలోని సూక్ష్మజీవులకు ఉంది. ఒకే పైరులో గింజ మనకి, గడ్డి పశువుకి అని పంచిపెట్టింది ఆ ముడే.

ఈ కథలో మన భీమవరం ఉంది. అక్కడ 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రకటించారు. ద్రావణం తిరిగిన నీలిరంగు చిక్కదనమే అందులో కొలబద్ద. దాని సాయంతో కండరంలో 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో కణానికి శక్తి అందించే ఏటీపీ బయటపడ్డాయి. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుక్కున్నారు.

ఆ ఏటీపీ గురించి నేను ఏళ్ళ తరబడి తప్పు చెప్పాను. "బంధంలో శక్తి దాగి ఉంటుంది, తెగగానే బయటికొస్తుంది" అనేవాణ్ణి. ఒకరోజు ఒక అమ్మాయి లేచి, "బంధం తెంచడానికి మనమే శక్తి పెట్టాలని నిన్న చెప్పారు కదండీ" అంది. సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది. జరిగేది ఇది: నీటి అణువు వచ్చి ఏటీపీ చివరనున్న ఫాస్ఫేట్‌ను విడదీస్తుంది. కొత్త బంధాలు ఏర్పడతాయి. ఇరుకున ఉన్న రుణావేశాలు ఎడమవుతాయి. విడిపోయిన ముక్కల చుట్టూ నీరు చేరి వాటిని కుదుటపరుస్తుంది. తెంచడానికి పెట్టిన మదుపు పోగా మిగిలిన లాభంతోనే కండరం కదులుతుంది. నా పాఠంలో నీరు లేదు కాబట్టే లెక్క తప్పింది.

ఇలా నీరు చేరి బంధం తెంపడాన్ని జలవిశ్లేషణ అనాలా, హైడ్రాలిసిస్ అనాలా అని ఈ రెండు రోజులూ ఇక్కడ వాదన జరుగుతుంది. జరగనివ్వండి. ఏ మాట వాడినా, ఆ నీటి అణువు ఎక్కణ్ణించి వచ్చి ఏ ముక్కకు అతుక్కుందో చదువరికి కనబడాలి. జాడీ దగ్గర కేకలేసే ఇల్లాలు ఎందుకని అడిగితే, మన వ్యాసం జవాబు చెప్పగలగాలి.

పత్రాలు చదివే ప్రతి ఒక్కరినీ చివర్లో నేను అడిగే ప్రశ్న ఇప్పుడే చెప్పేస్తున్నాను: ఇందులో నీరు ఎటు పోయింది?

మొదటి వక్తను వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.