మలిపెళ్లికి ముందు కాగితాల సంగతి

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా నవమికి లోకమంతా భద్రాద్రి వచ్చి రాములవారి కల్యాణం చూస్తుంది. మనలో ఒంటరిగా మిగిలినవారు మళ్లీ పెళ్లి మాటెత్తితే మాత్రం ఇంట్లో ముఖాలు మాడతాయి. పిల్లల కోపం చాలాసార్లు పెళ్లిమీద కాదు, ఆస్తి ఏమవుతుందోనని.

నాతో పనిచేసిన ఒక మిత్రుడు భార్య పోయాక ఒక వితంతువును గుళ్లో పెళ్లాడాడు. ఆమెకు మొదటి భర్త తాలూకు ఫ్యామిలీ పెన్షను వచ్చేది. 1980 నాటి మన పెన్షను నిబంధనల ప్రకారం పునర్వివాహంతో అది ఆగిపోతుంది. ఆమె నిజాయితీగా రాసిచ్చి మానుకుంది. ఈయన మాత్రం పెళ్లి రిజిస్టరు చేయించలేదు, తన కాగితాల్లో ఆమె పేరు చేర్పించలేదు. "చూద్దాంలే" అంటూనే మూడేళ్లకు కాలం చేశాడు. అటు పెన్షను పోయింది, ఇటుది రాలేదు. ఆఫీసుల చుట్టూ ఆమె వెంట నేనూ తిరిగాను. జీవితమంతా పెన్షను కాగితాలు రాసినవాణ్ణి, ఆ పెళ్లిభోజనం నాడే ఒక మాట చెప్పలేకపోయాను. అది ఇవాళ చెబుతున్నాను.

1881 డిసెంబరు 11న వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించారు. అప్పటి 1856 చట్టం పెళ్లికి ఒప్పుకుంది గాని, మళ్లీ పెళ్లాడిన స్త్రీకి మొదటి భర్త ఆస్తిపై హక్కు పోయేది. 1956 హిందూ వారసత్వ చట్టంతో ఆమెకు దక్కిన వాటా ఆమె సొంతమైంది, తర్వాత పెళ్లాడినా పోదు. ఫ్యామిలీ పెన్షను మాత్రం పోతుంది. సొంత సర్వీసు పెన్షనుకు ఢోకా లేదు.

కనుక మొదట పెళ్లి రిజిస్టరు చేయించండి. 2002 చట్టం ప్రకారం అది తప్పనిసరి. మొదటివారి మరణ ధ్రువపత్రమో, విడాకుల డిక్రీయో దగ్గరుంచుకోండి.

వెంటనే పెన్షను కాగితాల్లో పేరు చేర్పించండి. రిటైరయ్యాక పెళ్లాడిన భార్యకూ ఫ్యామిలీ పెన్షను హక్కుందని 1989లో భగవంతి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. హక్కుండటం వేరు, కాగితంలో పేరుండటం వేరు.

బ్యాంకులో నామినీ మార్చండి. అయితే నామినీ డబ్బు అందుకునే మనిషి మాత్రమే, హక్కు వారసులది.

అందుకే విల్లు రాయండి, ఇద్దరు సాక్షులతో. విల్లు లేకపోతే హిందువుల్లో పురుషుని స్వార్జితం భార్యకు, పిల్లలకు, తల్లి ఉంటే ఆమెకు సమానంగా పోతుంది. ఆమె వెంట వచ్చిన పిల్లలకు వాటా రాదు. పాత విల్లు హిందువులకు పెళ్లితో రద్దు కాదు, క్రైస్తవులకు రద్దవుతుంది. ఎవరైనా కొత్తది రాయడమే క్షేమం.

మన ఏజెన్సీ పొలాల సంగతి వేరు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు, 1970 సవరణ ప్రకారం అక్కడి భూమిని గిరిజనేతరులకు అమ్మడం, దానమివ్వడం చెల్లదు, ఇచ్చేవారు గిరిజనేతరులైనా సరే. 2014లో ఆంధ్రలో కలిసిన చింతూరు, కూనవరం వైపూ ఇదే మాట. ఆ పొలం రాసిస్తానని పెళ్లికి ముందు మాటివ్వకండి.

ఆమె వదులుకునేది ఖాయం. ఆమెకు దక్కేదీ ముందే ఖాయం చేయండి. ఆ కాగితాలు పిల్లలను కూర్చోబెట్టి చదివి వినిపించండి. దాపరికం లేకపోతే సగం కోపం అక్కడే తగ్గుతుంది.