లెక్కలలో అక్షరములేల?



ఈ పూట నేను మీతో ముచ్చటింపదలచినది లెక్కలను గూర్చి. లెక్కలనగానే రేడియో కట్టివేయవలదని నా మనవి. మీ యిండ్లలో పదవతరగతి పరీక్షకో, కొలువుల కొఱకు వ్రాయు పరీక్షలకో చదువుకొనుచున్న పిల్లలుందురు. ఆ పరీక్షలలో సామాన్యగణితము తప్పదు. అందు సంఖ్యల ధర్మములని యొక భాగమును, బీజగణితమని యొక భాగమును ఉండును. పిల్లవాడు పుస్తకము ముందు వేసికొని ‘ఎక్సు’ అని, ‘వై’ అని గొణుగుకొనుచుండగా, ప్రక్కన కూర్చున్న తాతగారు ‘మా కాలమున లెక్కలలో అంకెలే యుండెడివి, ఈ యక్షరము లెక్కడివిరా?’ అని నవ్వి యూరకుందురు. తాతగారి కీ విద్య తెలియదని మనుమడు తలచును. తమకు తెలియదని తాతగారును తలతురు. ఇరువురును పొరబడుచున్నారని నా యభిప్రాయము.

ఈ పొరపాటువలన నష్టము కలుగునది పిల్లవానికే. ‘నాకు లెక్కలు రావు’ అను మాట యొకసారి మనసున నాటుకొన్నచో అది తేలికగా వదలదు. అటుపిమ్మట వాడు కారణము విడిచి సూత్రమును కంఠస్థము చేయును. పరీక్షకుడు ప్రశ్నను రవంత త్రిప్పి యడిగినచో కంఠస్థము చేసినది కూలిపోవును. తెలివిగల పిల్లలు సయితము ఇట్లు వెనుకబడుట నేను చూచితిని. సులువు మార్గములని పేరుపెట్టి యమ్మెడు పుస్తకములు ఈ రోగమునకు మందు కావు, తరచుగా అవే రోగమునకు మూలము. మందు మీ యింటనే యున్నది. ఎట్లో చెప్పెదను.

ఒక తోటలో వరుసకు 25 చొప్పున 16 వరుసల కొబ్బరిచెట్లున్నవనుకొనుడు. తూర్పుగట్టున నిలిచి అట్లే లెక్కించినను, దక్షిణపు గట్టున నిలిచి వరుసకు 16 చొప్పున 25 వరుసలని లెక్కించినను చెట్లు 400 మాత్రమే. గట్టు మారినంతమాత్రమున చెట్లు పెరుగవు, తరుగవు. దీనిని పాఠ్యపుస్తకములు స్థిత్యంతర ధర్మమనును. పేరు పెద్దది, సంగతి చిన్నది, ప్రయోజనము మాత్రము చిన్నది కాదు. 25 రూపాయలకు నూటికి 16 చొప్పున ఎంత యగునని పరీక్షలో నడిగిరనుకొందము. పిల్లవాడు కాగితముపై గుణించి, భాగించి చెమటలు పట్టించుకొనును. నూటికి 16 చొప్పున 25కు ఎంతయో, నూటికి 25 చొప్పున 16కు నంతయే. నూటికి 25 అనగా పావువంతు. 16లో పావు 4. కలము కదల్పనక్కఱయే లేదు.

అట్లే, 98 రూపాయల వంతున ఏదేని సరకు 12 కిలోలు కొన్నచో మీలో నెవ్వరును 98ని 12చేత గుణింపరు. ‘నూటివంతున పండ్రెండు నూఱులు, అందు పండ్రెండు రెండ్లు ఇరువదినాలుగు తీసివేయగా 1176’ అని నిలుచున్నచోటనే చెప్పుదురు. ఇది విభాగన్యాయము. దానిపేరు మీకు తెలియదు. దానిపేరు మాత్రమే మీ మనుమనికి తెలియును. ఈ రెండును ఒక యరుగుమీద కలిసికొనినచో ఎంత బాగుండును! తీసివేతకును భాగహారమునకును స్థిత్యంతర ధర్మము చెల్లదని కూడ వానికి చెప్పుడు. అప్పిచ్చినవాడును అప్పు తీసికొన్నవాడును తారుమారైన నొకటియే యగునా?

ఇక తొమ్మిదింటి సంగతి. ఒక సంఖ్యలోని యంకెలను కూడగా వచ్చినది తొమ్మిదిచేత శేషములేక భాగింపబడినచో, ఆ సంఖ్యయు నట్లే భాగింపబడునని పిల్లలందఱు వల్లించుదురు. ఎందుచేత నని యడిగినచో పలువురు మౌనము వహింతురు. 738 రూపాయలను తొమ్మండుగురు అన్నదమ్ములకు పంచవలెననుకొనుడు. నూఱురూపాయల నోట్లు ఏడు, పది రూపాయల నోట్లు మూడు, రూపాయి నాణెములు ఎనిమిది. ఒక్కొక్క నూటిని తలకు 11 చొప్పున పంచగా 99 పోయి ఒక రూపాయి మిగులును. ఏడు నూఱులకు ఏడు రూపాయలు మిగులును. ఒక్కొక్క పదిని తలకు ఒకటి చొప్పున పంచగా ఒకటి మిగులును. మూడు పదులకు మూడు. విడి రూపాయలు ఎనిమిది యుండనే యున్నవి. మిగిలిన వన్నియు కూడగా ఏడును మూడును ఎనిమిదియు పదునెనిమిది. అది తలకు రెండు చొప్పున సరిపోవును. వేయియైనను లక్షయైనను ఇంతే, ఒక్కొక్కదానికి ఒక్కటి మిగులును. కనుకనే అంకెల మొత్తము చూచిన చాలును. మూడింటికిని ఇదే న్యాయము.

కరణీకము 1984లో రద్దయినను, చిట్టా ఆవర్జాలు వ్రాయు చేతులు పల్లెలలో నింకను గలవు. పద్దుల మొత్తము కుదరక తేడా వచ్చినప్పుడు, ఆ తేడా తొమ్మిదిచేత భాగింపబడుచున్నచో, ఎక్కడనో రెండంకెలు తారుమారైనవేమో యని అనుభవజ్ఞులు మొదట చూతురు. 63 వ్రాయవలసినచోట 36 వ్రాసినచో 27 తేడా. 81కి బదులు 18 వ్రాసినచో 63 తేడా. రెండును తొమ్మిదింటి గుణిజములే. ఇట్లు పది జతలు చూచి నమ్మవచ్చును, ఇరువది చూచి నమ్మవచ్చును. కాని పదునొకండవది, ఇరువదియొకటవది కూడ ఇట్లే యుండునని హామీ యేమి?

అక్షర మిచ్చట కావలసివచ్చినది. పదుల చోటనున్న అంకె యేదైనను సరే, దానిని ‘అ’ అని పిలుతము. ఒకట్ల చోటనున్న దానిని ‘ఇ’ అందము. సంఖ్యలో పది ‘అ’లును ఒక ‘ఇ’యు నున్నవి. తారుమారు చేసినదానిలో పది ‘ఇ’లును ఒక ‘అ’యు నున్నవి. మొదటిదానినుండి రెండవదానిని తీసివేయగా తొమ్మిది ‘అ’లు నిలుచును, తొమ్మిది ‘ఇ’లు పోవును. అనగా తేడా, ఆ రెండంకెల భేదమునకు తొమ్మిది రెట్లు. ఒక్క పంక్తిలో అన్ని జతలకును తీర్పు వచ్చినది. అక్షరమన్నది తెలియని సంఖ్యకు ముసుగు మాత్రమే యని పిల్లలు తలంతురు. అది ‘ఏ సంఖ్యయైనను సరే’ అను మాటకు సంకేతము కూడ. ఈ రెండవ యర్థము తెలిసిననాడు వానికి బీజగణితము పట్టుబడినట్లే.

ఇది పరదేశములనుండి నిన్నమొన్న దిగిన వింత కాదు. బ్రహ్మగుప్తుడు 628లో రచించిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున ధనము, ఋణము, సున్న, వీని నెట్లు కూడవలెనో, తీసివేయవలెనో, గుణింపవలెనో నియమములు చెప్పెను. పిల్లలు ప్లస్సు, మైనస్సు అనునవి ఆయనకు కలిమియు అప్పును. ఋణమును ఋణముచేత గుణించిన ధన మెట్లగునని పిల్లవాడు మిమ్మడిగినచో ఇట్లు చెప్పుడు. మీరు వ్రాసియిచ్చిన అప్పుపత్రములు, ఒక్కొక్కటి 300 రూపాయలది, షావుకారు వద్ద నున్నవి. ఆయన దయదలచి రెండు పత్రములను చింపివేసెను. పత్రము అప్పు కనుక ఋణము. చింపివేయుట తీసివేత కనుక అదియు ఋణము. రెండు అప్పులు పోయిన పిదప మీ స్థితి 600 రూపాయలు మెరుగుపడినది. ఋణమును ఋణము గుణింపగా ధనమైనది. అప్పు తీరిన సుఖ మెఱిగినవారికి దీనికంటె వ్యాఖ్యాన మక్కఱలేదు.

అయితే సున్నను సున్నచేత భాగించిన సున్నయే వచ్చునని బ్రహ్మగుప్తుడు చెప్పిన మాటను నేటి గణితజ్ఞు లంగీకరింపరు. 12ను సున్నచేత భాగించుట యనగా, సున్నను దేనిచేత గుణించిన 12 వచ్చునని యడుగుట. అట్టి సంఖ్య లేదు. సున్నను సున్నచేత భాగించుట యనగా, దేనిచేత గుణించిన సున్న వచ్చునని యడుగుట. ఏ సంఖ్యయైనను వచ్చును. మొదటి ప్రశ్నకు జవాబు లేదు, రెండవదానికి జవాబులు లెక్కలేనన్ని. అందుచే ఈ భాగహారమును నిషేధించిరి. పెద్దవారి గ్రంథమైనను పరీక్షించి గ్రహింపవలసినదే.

తెలుగువారి కీ విద్య ప్రాచీనకాలముననే చేరినది. తొమ్మిదవ శతాబ్దమున అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహము రచింపగా, పావులూరి మల్లన దానిని తెలుగు పద్యములలోనికి తెచ్చెను. భాస్కరాచార్యుని లీలావతి 1150 నాటిది. అందు ఇష్టకర్మ యని యొక పద్ధతి గలదు. తెలియని సంఖ్యకు బదులు మనకు ఇష్టమైన సంఖ్య నొకదానిని ఊహించి, వచ్చిన ఫలమునుబట్టి సవరించుకొనుట దాని పద్ధతి.

ఒక ఉదాహరణము. కళ్లమున ధాన్యపు రాశి యున్నది. మూడవవంతు కోతకూలికి పోయినది. నాలుగవవంతు అప్పుకింద పోయినది. మిగిలినది 10 బస్తాలు. రాశి యెంత? మూటికిని నాలుగింటికిని కుదురునట్లు 12 అనుకొందము. 4 పోయె, 3 పోయె, మిగిలినది 5. మనకు మిగులవలసినది 10, రెట్టింపు. కనుక రాశియు రెట్టింపు, 24 బస్తాలు. చూడుడు, 8 పోయి, 6 పోయి, 10 మిగిలినవి. అక్షరము లేకయే లెక్క తేలినది. మీ పెద్దలు చేసినదియు, మీలో పలువురు నేటికిని నోటితో చేయునదియు ఇదియే.

ఇప్పుడు లెక్కను కొంచెము మార్చెదను. మూడవవంతు కూలికి పోయినది. మఱి రెండు బస్తాలు విత్తనమునకు తీసియుంచిరి. మిగిలినవి 18. పూర్వపద్ధతినే 12 అనుకొందము. 4 పోయె, 2 పోయె, మిగిలినవి 6. కావలసినది 18, మూడు రెట్లు. కనుక రాశి 36 అందమా? 36లో 12 పోయి, 2 పోయి, 22 మిగులుచున్నవి. లెక్క తప్పినది! కారణ మేమనగా, రాశి పెరిగినకొలది మూడవవంతు పెరుగును గాని విత్తనపు రెండు బస్తాలు పెరుగవు. ఊహ ఇచ్చట కుంటుపడును. రాశికి పేరు పెట్టి, దానిని కదలింపక నడిపింపవలెను. రాశిలో మూడింట రెండువంతులలోనుండి 2 తీసిన 18. కనుక మూడింట రెండువంతులు 20. ఒక వంతు 10. రాశి 30. సమీకరణ మనగా నింతే. త్రాసున రెండు తట్టలు. ఒకదానిలో చేసిన మార్పు రెండవదానిలోను చేయవలెను.

భాస్కరాచార్యుడు తన బీజగణితమున తెలియని రాశిని యావత్తావత్ అనెను. ‘ఎంతయో అంత’ అని దానికి తెలుగు. తెలియని రాశులు పెక్కుండినచో కాలకము, నీలకము, పీతకము, లోహితకము అని రంగుల పేర్లుంచెను. నలుపు, నీలము, పసుపు, ఎఱుపు! నేటి పిల్లవాని ఎక్సు, వై లకంటె ఇవి ఎంత యందముగా నున్నవి. పేరు పెట్టునప్పుడు ‘యా’ అనినను ఎక్సు అనినను లెక్కకు పట్టింపు లేదు.

చివరకు మనయందఱకు తెలిసిన పొడుపులెక్క నొకదానిని పట్టుకొందము. చెట్టు కొక్క పిట్ట చొప్పున వ్రాలిన ఒక పిట్ట మిగులును. చెట్టుకు రెండేసి పిట్టలు వ్రాలిన ఒక చెట్టు మిగులును. చెట్లెన్ని, పిట్టలెన్ని? చెట్లు మూడు, పిట్టలు నాలుగు అని పసివాడును చెప్పును. విని నేర్చుకొన్న జవాబు. ఒకటికి బదులు అయిదు మిగులునన్నచో? ఒక్కొక్కటి చొప్పున వ్రాలిన అయిదు పిట్టలు మిగులును, రెండేసి వ్రాలిన అయిదు చెట్లు మిగులును. ఇప్పుడు నోరు మూతపడును.

చెట్ల సంఖ్యకు పేరు పెట్టుడు. పిట్టలు చెట్లకంటె అయిదు ఎక్కువ. మఱియు, చెట్లలో అయిదు తీసివేసి రెట్టింపు చేసిన పిట్టలు వచ్చును. చెట్లకు అయిదు కలిపినను, చెట్ల రెట్టింపులోనుండి పది తీసినను ఒకటియే. కనుక చెట్లు 15, పిట్టలు 20. మూటికి అయిదు రెట్లు, నాలుగింటికి అయిదు రెట్లు! మిగిలినవి ఏడేసి యైనచో 21 చెట్లు, 28 పిట్టలు. ఇట్టి పొడుపులెక్క లెన్నియైనను మీరే కట్టి పిల్లలకు వేయవచ్చును.

మరల ఒకటి చొప్పుననే మిగులనిచ్చి, రెండేసి కాక మూడేసి పిట్టలు వ్రాలినవన్నచో చెట్లు రెండు, పిట్టలు మూడు. ఇదియు సరియే. నాలుగేసి వ్రాలినవన్నచో? ఇది వేసి పిల్లవానిని ఊహింపనిండు. వాడు రెండనును, మూడనును, పదియనును, ఏదియు కుదరదు. తెల్లవారులు ఊహించినను కుదరదు. అప్పుడు పేరు పెట్టి చూడుమనుడు. చెట్లకు ఒకటి కలిపినను, చెట్లలో ఒకటి తీసి నాలుగు రెట్లు చేసినను సమానము కావలెను. అనగా చెట్లకు మూడు రెట్లు అయిదు. అయిదింటిని మూడు భాగములు చేసిన చెట్టు ఏ తోటలోను మొలవదు. కనుక అట్టి తోట లేదు.