ఇన్వర్టర్ బ్యాటరీ: కొనే ముందు, బిగించే ముందు

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ముప్పై నాలుగేళ్లు ఫైళ్లు మోసిన గుమాస్తాను. కరెంటు పని నా సెక్షను కాదు. అయినా బ్యాటరీ గురించి మాట్లాడడానికి ఒక కారణం ఉంది.

కంటికి కనబడకూడదని మా ఇన్వర్టర్ బ్యాటరీని మెట్ల కింద అరలో పెట్టించి తలుపు వేయించాను. పక్కనే దేవుడి గూడు. ఒక సాయంత్రం మా ఆవిడ "ఏదో కుళ్లిన గుడ్డు వాసన వస్తోందండీ" అంది. "కాలువ కంపులే" అని పేపరులోంచి తల ఎత్తలేదు. ఆమె దీపం వెలిగించబోతోంది. ఫ్యాను బాగుచేయడానికి వచ్చిన కుర్రాడు "అమ్మా, అగ్గిపుల్ల గీయకండి!" అని అరిచాడు. వరండాలోని మెయిన్ ఆపి, కిటికీలు తెరిచి, మమ్మల్ని బయటికి పంపాడు. తర్వాత చూస్తే బ్యాటరీ ఉబ్బి, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది.

ఛార్జి అయ్యేటప్పుడు బ్యాటరీలోంచి హైడ్రోజన్ వస్తుంది. దానికి రంగూ వాసనా లేవు. మూసిన చోట పోగైతే ఒక్క నిప్పురవ్వ చాలు, పేలుతుంది. మాకు వచ్చిన వాసన, పాడైన బ్యాటరీ అతిగా ఛార్జి అయినప్పుడు వెలువడే మరో విషవాయువుది. కాబట్టి బ్యాటరీ స్థానం గాలి ఆడే చోటే. పడకగది, పూజగది, గ్యాసు పొయ్యి దరి పనికిరావు.

ఇక కొనడం. పెన్షన్ బిల్లులాగే లెక్క మనమే వేసుకోవాలి. రెండు ఫ్యాన్లు 150 వాట్లు, రెండు ఎల్‌ఈడీ బల్బులు 20, వెరసి 170. నాలుగు గంటలకు 680. ఇన్వర్టర్‌లో పోయే తరుగు కలిపితే సుమారు 850. దాన్ని 12 వోల్టులతో భాగిస్తే 71 ఆంపియర్ అవర్లు. బ్యాటరీని సగానికి మించి వాడకుంటే ఎక్కువ కాలం మన్నుతుంది. అంటే 150 సరిపోతుంది. చవక అని కారు బ్యాటరీ తగిలించకండి. అది బండి స్టార్టు చేయడానికి పుట్టింది, గంటల తరబడి ఫ్యాను తిప్పడానికి కాదు. మనకు కావలసింది ట్యూబులర్. లిథియం కొంటే దానికి సరిపడే ఛార్జరున్న ఇన్వర్టరే ఉండాలి.

బిగించడం తెలిసినవాడి చేతే చేయించండి. పక్కన నిలబడి నాలుగు సంగతులు గమనించండి. అతని చేతికి ఉంగరం, గడియారం ఉండకూడదు. స్పానరు రెండు కొమ్ములకూ ఒకేసారి తగలకూడదు. ముందు ప్లస్సు, ఆఖరున మైనస్సు. విప్పేటప్పుడు ముందు మైనస్సు. ప్లస్సు తీగలో బ్యాటరీకి దగ్గరగా తగిన ఫ్యూజు ఉండాలి.

నీరు తగ్గితే డిస్టిల్డ్ వాటరే, గుర్తు వరకే. కుళాయి నీళ్లు వద్దు, యాసిడ్ అసలే వద్దు. యాసిడ్ కంట్లో పడితే ఆగకుండా నీళ్లతో కడిగి డాక్టరు దగ్గరకు పరుగెత్తండి. కరెంటు పోయిందని బల్బు హోల్డరులో వేలు పెట్టకండి. ఇన్వర్టర్ కరెంటూ కరెంటే.

చివరగా ఒక మాట. వాసన వస్తోందని ఇంట్లోవాళ్లు చెబితే పేపరు మడిచి లేవండి. ఆ కుర్రాడు ఆ రోజు రాకపోయి ఉంటే ఈ ప్రసంగం చేయడానికి నేనుండేవాణ్ణి కాదేమో. మా ఆవిడ మూడో వరుసలోనే కూర్చుంది. అదే నాకు పదివేలు.